లాయస్‌ని మర్చిపోయాం, ఎకోని కూడా

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. మొదటిది, గ్రీకు పురాణ కథల్లో ఒక్కోదానికి సైకాలజీలో ఒక్కో అర్థం ఉందంటారు కదా, ఈడిపస్ అంటే ఇది, నార్సిసస్ అంటే ఇది, మినోటార్ అంటే ఇది అని అన్నీ ఒకేచోట దొరుకుతాయా అని. రెండోది చివర్లో, ఏదో మాటవరసకి అన్నట్టు రాశారు: "మా నాన్న పక్కా నార్సిసిస్ట్, ఆ కథ చదివితే ఆయన అర్థమవుతారా?" నార్సిసిస్ట్ అంటే తన్ను తప్ప ఎవరినీ చూడలేని మనిషి అని మీ ఉద్దేశం. నాకు ఈ రెండోదే అసలు ప్రశ్న అనిపిస్తోంది. అందుకే దాన్ని చివరికి ఉంచుతాను, మొదటిది లేకుండా రెండోది చెప్పలేను కూడా.

ఇరవై రెండేళ్లుగా క్లినికల్ సైకాలజీలో ఉన్నాను. మీరు అడిగిన లాంటి పట్టికలు బోలెడు ఉన్నాయి. చిక్కుదారి అంటే అచేతన మనసు, అందులో రాక్షసుడు అంటే మన భయం, హీరో చేతిలో కత్తి అంటే తెలివి, ఇలా. చదువుకునే రోజుల్లో నేనూ అవి నోట్సులో రాసుకున్నాను, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. కానీ ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఏడుస్తున్నప్పుడు ఆ పట్టికలో ఒక్క గడి కూడా అక్కరకు రాలేదు. అక్కరకు వచ్చింది కథే, మొత్తం కథ, పేరు పెట్టడానికి ముందున్న కథ. ఒక కథని ఒక జబ్బు పేరుగా మార్చినప్పుడల్లా అందులో సగం మంది మనుషులు బయట పడిపోతారు. పడిపోయినవాళ్ళు ఎవరో చూస్తే చాలాసార్లు మనకి కావలసింది అక్కడే దొరుకుతుంది.

ఈడిపస్‌ని తీసుకోండి. క్లాసులో చెప్పేది మీకు తెలిసే ఉంటుంది, మూడు నుంచి ఆరేళ్ళ వయసులో పిల్లవాడికి తల్లి కావాలి, తండ్రి అడ్డం. మానసిక విశ్లేషణని మొదలుపెట్టిన ఫ్రాయిడ్ ఈ ఆలోచనను 1897 అక్టోబర్ 15న తన స్నేహితుడు ఫ్లీస్‌కి రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఆయన తండ్రి పోయి అప్పటికి ఏడాది కావస్తోంది, తన మనసుని తానే తవ్వుకుంటున్న రోజులవి. 'ఈడిపస్ కాంప్లెక్స్' అనే మాట అచ్చులోకి వచ్చింది 1910లో. ఇదంతా పుస్తకాల్లో ఉంటుంది.

ఇప్పుడు ప్రాచీన గ్రీకు నాటకకర్త సొఫొక్లీస్ నాటకంలో కథ ఎలా ఉందో చూడండి. థీబ్స్ రాజు లాయస్‌కి, నీ కొడుకు చేతిలో చస్తావని డెల్ఫీలో దైవవాణి చెబుతుంది. కొడుకు పుట్టగానే, మూడు రోజులైనా నిండకుండా, ఆ పసివాడి కాలి మడమల దగ్గర గుచ్చి రెండు కాళ్ళూ కలిపి కట్టేసి కొండ మీద పారేయమంటాడు. గొర్రెల కాపరి జాలిపడి పక్క రాజ్యం మనిషికి ఇచ్చేస్తాడు. కొరింత్ రాజు దంపతులు పెంచుకుంటారు, పెంచుకున్నామని చెప్పరు. 'ఈడిపస్' అంటేనే 'వాచిన పాదాలవాడు'. అంటే తండ్రి చేసిన గాయమే ఆ కుర్రాడి పేరైంది. రోజూ అందరూ ఆ గాయాన్నే పెట్టి పిలుస్తున్నారు, అది ఎలా తగిలిందో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఒక విందులో తాగినవాడెవడో 'నువ్వు నీ నాన్నకి పుట్టలేదు' అనేస్తాడు. పెంచినవాళ్ళని అడిగితే సర్దిచెప్పారు గానీ మనసు కుదుటపడలేదు. నా తల్లిదండ్రులెవరు అని తెలుసుకోవడానికి డెల్ఫీకి వెళ్తే అక్కడ ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు, నువ్వు తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడతావు అని మాత్రం చెప్పారు. అప్పుడు వాడేం చేశాడు? ఇంటికి వెళ్తే ఆ ఇద్దరికీ నావల్ల హాని జరుగుతుందేమో అని భయపడి వెనక్కి వెళ్ళడం మానేశాడు. మూడు దారులు కలిసేచోట ఎదురైన ముసలాయనా, ఆయన బండివాడూ ఇతన్ని దారిలోంచి నెట్టేయబోయారు, ఈడిపస్ బండివాణ్ణి కొట్టాడు, ముసలాయన ముల్లుకర్రతో ఇతని నెత్తిమీద కొట్టాడు. ఆ కోపంలో ఈడిపస్ ఆయన్ని చంపేశాడు, తర్వాత థీబ్స్‌కి వెళ్ళి తెలియకుండానే కన్నతల్లిని పెళ్ళాడాడు. ఆ ముసలాయనే లాయస్.

ఇందులో తల్లి మీద మోహం ఎక్కడుంది చెప్పండి? ఈడిపస్‌కి తెలిసినంతవరకు అమ్మ అంటే కొరింత్‌లో పెంచిన మెరోపీ, ఆమెకి దూరంగానే పారిపోయాడు. ఫ్రెంచ్ పండితుడు వెర్నాన్ 1967లో రాసింది ఇదే, ఈడిపస్‌కి ఈడిపస్ కాంప్లెక్స్ లేదు అని. అంతకుముందు 1953లో డెవెరో అనే మానసిక విశ్లేషకుడు అసలు ఈడిపస్ లాయస్‌ని ఎందుకు చంపాడు అని విడిగా ఒక వ్యాసం రాసి, మనం తండ్రి వైపు ఎందుకు చూడటం లేదని అడిగాడు. నాటకం బయట ఉన్న పాత కథల్లో లాయస్ ఇంకో ఘోరం కూడా చేశాడు, తనకి ఆశ్రయమిచ్చిన పెలోప్స్ కొడుకుని, రథం నడపడం నేర్పుతానని చెప్పి ఎత్తుకుపోయాడు. శాపం అక్కడ మొదలైంది. పిల్లలకి హాని చేసిన మనిషి ఆయన, ఒకసారి కాదు, రెండుసార్లు.

ఇక్కడ నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకునే విషయం ఒకటుంది. ఫ్లీస్‌కే 1897 సెప్టెంబర్ 21న రాసిన ఉత్తరంలో ఫ్రాయిడ్ తన పాత సిద్ధాంతాన్ని వదులుకున్నాడు. ఆ పాత సిద్ధాంతం ఏమిటంటే, తన దగ్గరికి వచ్చే రోగుల బాధకి మూలం చిన్నప్పుడు పెద్దవాళ్ళు వాళ్ళ మీద చేసిన లైంగిక హాని అని. నాలుగు వారాలు తిరక్కుండానే ఈడిపస్ వచ్చాడు. పెద్దవాళ్ళు చేసిన పని అనేది పోయి పిల్లవాడి కోరిక అనేది ముందుకొచ్చింది, లాయస్ మాయమైపోయాడు. ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు, ఫ్రాయిడ్‌ని విమర్శించినవాళ్ళు చాలామంది అన్నదే. కానీ దాని ఫలితం ఎన్నో ఏళ్ళు ఉండిపోయింది. పిల్లలు జరిగింది చెప్తే 'అది వాళ్ళ ఊహ' అన్నవాళ్ళు మా వృత్తిలో చాలా కాలం ఉన్నారు. అందుకే ఈ కథ దగ్గర నేను పట్టుబడతాను. మీరు సైకాలజీ విద్యార్థి అన్నారు కాబట్టి మరీ చెప్తున్నాను, ఎవరైనా కొడుకు తండ్రి మీద కోపంతో మీ ముందుకొస్తే ముందు కాళ్ళు చూడండి, ఎక్కడ గుచ్చారో.

మన కథలు విని పెరిగినవాళ్ళకి నిజానికి లాయస్ కొత్తవాడు కాదు. యయాతి కొడుకు యవ్వనాన్ని అడిగి తీసుకున్నాడు. తండ్రి పెళ్ళి కోసం దేవవ్రతుడు తన జీవితమంతా ఇచ్చేసి భీష్ముడయ్యాడు. ఏ.కె. రామానుజన్ భారతీయ ఈడిపస్ గురించి రాసిన వ్యాసంలో చెప్పింది కూడా ఇదే, మన దగ్గర బాణం ఎక్కువసార్లు ఎదురు దిశలో, తండ్రి నుంచి కొడుకు వైపు వెళ్తుంది అని. 1922లో కలకత్తాలో భారత మానసిక విశ్లేషణ సంఘాన్ని పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్ కూడా ఈడిపస్ విషయంలో తన అభిప్రాయం వేరని ఫ్రాయిడ్‌కే ఉత్తరాల్లో చెప్పాడు. మీ సిలబస్‌లో ఆయన లేకపోతే సొంతంగా వెతికి చదవండి.

మినోటార్ గురించి అడిగారు కాబట్టి చెప్తాను. దాన్ని 'మనలోని మృగం' అంటారు, ఆ అర్థం నాకు ఎప్పుడూ నచ్చలేదు. క్రీట్ రాజు మైనోస్ సముద్రదేవుడికి బలిస్తానని మొక్కుకున్న ఎద్దుని, అందంగా ఉందని తన దగ్గరే ఉంచుకుని ఇంకోదాన్ని బలిచ్చాడు. ఆ మోసానికి శిక్షగా ఆయన భార్య ఆ ఎద్దుని మోహించి ఎద్దు తల ఉన్న బిడ్డని కన్నది. ఆ బిడ్డకి ఒక పేరుంది, ఆస్టీరియస్. ఆ పేరు ఎవరూ వాడరు. తప్పు తండ్రిది, లోపల పెట్టి తాళం వేసింది బిడ్డని. ఇంటి పరువు కోసం కట్టిన భవనం ఆ చిక్కుదారి, అందులో ఉన్నవాణ్ణి మేపడానికి ఏథెన్స్ నుంచి ఏడుగురు అబ్బాయిలు, ఏడుగురు అమ్మాయిలు. ఇంట్లో ఒకరికి మానసిక జబ్బు ఉందని వెనక గదిలో దాచిపెట్టి, ఆ దాపరికం కోసం మిగతా పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ అన్నీ బలిపెట్టిన కుటుంబాలని నేను చూశాను, ఆ గది తలుపు దగ్గర నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ కథే. ఇంకో సంగతి, మినోటార్‌ని చంపడానికి వచ్చిన హీరో థీసియస్‌కి దారం ఇచ్చి బయటికి దారి చూపిన ఆరియాడ్నే ఆ ఇంటి పిల్లే, లోపల ఉన్నవాడికి అక్కచెల్లెలే. గుట్టు విప్పేది దాదాపు ఎప్పుడూ ఇంటి మనిషే. ఆ తర్వాత థీసియస్ ఆమెని నాక్సోస్ దీవిలో నిద్రపోతుండగా వదిలేసి వెళ్ళిపోతాడు. నోరు విప్పిన ఆడపిల్లకి పుట్టిల్లు పోతుంది, కాపాడతానన్నవాడూ ఉండడు. ఈ ముక్క కూడా కథలో ఉంది, హీరో గురించి చెప్పే హడావుడిలో దాటేస్తాం.

తండ్రి మైనంతో అతికించి చేసిన రెక్కలతో ఎగిరిన కుర్రాడు ఇకారస్ గురించి ఒక్క మాట చాలు. ఎక్కువ ఎత్తుకి ఎగిరితే మైనం కరిగి పడిపోతావు, ఆశకి హద్దుండాలి అని చెప్తారు. తండ్రి డెడలస్ చెప్పింది అది ఒక్కటే కాదు. మరీ కిందికి ఎగిరినా సముద్రపు తేమకి రెక్కలు బరువెక్కుతాయి, మధ్యలో ఉండు అన్నాడు. కిందికి ఎగరడం కూడా ప్రమాదమే అన్న సగాన్ని మనం పిల్లలకి చెప్పడం మానేశాం. మన సంపాతి కథ పక్కన పెట్టి చదవండి, సూర్యుడి వేడికి తమ్ముడు జటాయువు సొమ్మసిల్లుతుంటే రెక్కలు కప్పి, తన రెక్కలు కాల్చుకుని కిందపడ్డ అన్న. రెండూ రెక్కలు పోయిన కథలే, కానీ ఒకటి వింటే భయం వేస్తుంది, ఇంకోటి వింటే ఏడుపొస్తుంది.

నాకు అన్నిటికన్నా దగ్గరైన కథ డిమీటర్‌ది. పంటల దేవత, కూతురు పెర్సెఫొనీ. పచ్చికలో పూలు కోసుకుంటున్న పిల్లని భూమి చీల్చుకుని వచ్చిన పాతాళ రాజు హేడీస్ రథంలో ఎత్తుకుపోతాడు. హోమర్ పేరు మీద ఉన్న పాత స్తోత్రంలో ఒక వివరం ఉంది, ఇదంతా పిల్ల తండ్రి, దేవతల రాజు జ్యూస్ అనుమతితోనే జరిగింది. తల్లికి చెప్పలేదు. హేడీస్ డిమీటర్‌కి స్వయానా అన్నదమ్ముడు, అంటే పిల్లకి మేనమామ. మేనమామకి ఇచ్చి చేయడం మన ఇళ్ళల్లో ఉన్నదే కాబట్టి తెలుగువాళ్ళకి ఆ వరస వింతగా తోచదు, మనకి తగిలేది తల్లిని ఒక్క మాటైనా అడక్కపోవడం. ఆమె తొమ్మిది రోజులు తిండి లేకుండా, స్నానం లేకుండా, చేతిలో కాగడాలతో తిరుగుతుంది. తర్వాత ముసలమ్మ వేషంలో ఎల్యూసిస్ అనే ఊళ్ళో బావి దగ్గర కూర్చుని, వేరేవాళ్ళ బిడ్డకి ఆయాగా చేరుతుంది. ఆ బిడ్డకి చావు లేకుండా చేయాలని రాత్రిళ్ళు నిప్పుల్లో పెడుతుంది, కన్నతల్లి చూసి కేక పెట్టేసరికి అదీ పోతుంది. ఏడాది పాటు భూమి మీద ఒక్క గింజ మొలవలేదు. దేవుళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి బతిమాలినా నా కూతుర్ని నా కళ్ళతో చూసేదాకా కుదరదు అంది.

దీన్ని రుతువుల కథ అని, పిల్ల పెద్దదయ్యే కథ అని అంటారు. రెండూ నిజమే. కానీ కూతురు పెళ్ళయ్యో, ఎం.ఎస్.కో డాలస్ వెళ్ళిపోయాక, అన్నీ బాగానే ఉన్నాయి కానీ వంట చేయబుద్ధి కావట్లేదండీ, స్నానం కూడా బద్ధకంగా ఉంది అని చెప్పుకునే తల్లులు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకి ఈ కథ చెప్పినప్పుడు వాళ్ళ ముఖంలో వచ్చే మార్పు మీరు చూడాలి. తన దుఃఖం జబ్బు కాదని, ఒక దేవత కూడా ఇలాగే కూర్చుండిపోయిందని వింటారు. ఆ బావి గట్టు మీద డిమీటర్‌ని పలకరించిన అమ్మాయిలు ఆమెకి నువ్వు ఇలా ఉండకూడదమ్మా అని చెప్పలేదు, ఎవరమ్మా నువ్వు, ఎక్కడి నుంచి వచ్చావు అని అడిగారు. కౌన్సెలింగ్ ఎలా మొదలుపెట్టాలో ఆ పిల్లల దగ్గర నేర్చుకోవచ్చు. డిప్రెషన్ ఉంటే మందులు ఇప్పిస్తాం, అది వేరు, ఆ అవసరం లేదని అనడం లేదు.

అదే స్తోత్రంలో ఇంకో చిన్న వివరం. తిరిగి వచ్చేముందు పెర్సెఫొనీ దానిమ్మ గింజ తిన్నది, అందువల్లే ఏటా మూడో వంతు కాలం పాతాళానికి వెళ్ళాల్సి వచ్చింది. కథ చెప్పేవాడు, హేడీస్ గుట్టుగా ఆమెకి ఆ తియ్యటి గింజ పెట్టాడు అని మాత్రమే అంటాడు. అమ్మకి చెప్పేటప్పుడు ఆమె, నాకిష్టం లేకపోయినా బలవంతంగా తినిపించాడు అని చెబుతుంది. బలవంతం అన్న మాట ముందు లేదు. ఆమె అబద్ధం చెప్పిందని నేను అనను, ఆమెకి నిజంగా అలాగే జరిగి ఉండొచ్చు. అత్తారింటి నుంచి మొదటిసారి వచ్చిన కూతురు అమ్మ ముఖం చూసి, అమ్మ ఏది తట్టుకోగలదో అది చెబుతుంది, అక్కడ తనకి కొంచెం నచ్చింది కూడా ఏదైనా ఉంటే అది మాత్రం దాచుకుంటుంది. ఆ ఒక్క పదం తేడాలో తల్లీకూతుళ్ళ మధ్య ఉండేదంతా ఉంది.

ఇప్పుడు నార్సిసస్, మీ నాన్నగారు.

'నార్సిసిజం' అనే ఈ పదం వైద్యంలోకి 1898, 1899ల్లో హేవలాక్ ఎల్లిస్, పాల్ నేకే రాతల ద్వారా వచ్చింది, ఫ్రాయిడ్ 1914లో పెద్ద వ్యాసం రాశాడు, 1980లో అమెరికన్ల రోగ నిర్ధారణ పుస్తకంలో ఒక వ్యక్తిత్వ రుగ్మతగా చేరింది. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ప్రతి మూడో వీడియోలో ఎవరో ఒకరి భర్త, అత్త, బాస్ నార్సిసిస్టే. నేను మీ నాన్నగారిని చూడలేదు, చూడకుండా ఆయనకి పేరు పెట్టను, మీరూ ఇంకా పెట్టకండి. కథ మాత్రం చూద్దాం.

రోమన్ కవి ఓవిడ్ రెండు వేల ఏళ్ళ కిందట లాటిన్‌లో చెప్పిన కథలో నార్సిసస్ పుట్టుకే బలాత్కారం వల్ల. ఒక నదీదేవుడు లిరియోపీ అనే అప్సరసని తన నీళ్ళలో బంధించి చెరిచాడు. తర్వాత కథలో తండ్రి మళ్ళీ కనిపించడు. తల్లి వెళ్ళి జోస్యుడు టైరీసియస్‌ని, వీడు ముసలివాడయ్యేదాకా బతుకుతాడా అని అడిగితే, తన్ను తాను తెలుసుకోకపోతే బతుకుతాడు అన్నాడు. పదహారేళ్ళకి ఎవరినీ దగ్గరికి రానివ్వని కుర్రాడయ్యాడు. నీళ్ళలో తన నీడని చూసినప్పుడు అది తనే అని వాడికి తెలియదు, ఎవరో వేరే మనిషి అనుకున్నాడు. చేయి చాస్తే అతనూ చాస్తున్నాడు, ఏడిస్తే ఏడుస్తున్నాడు, పట్టుకోబోతే చెదిరిపోతున్నాడు. ఇది పొగరున్న మనిషి అద్దం చూసుకోవడం కాదు, తన ముఖాన్ని తిరిగి చూపించే మనిషి జీవితంలో ఒక్కరూ లేక, నీళ్ళలో వెతుక్కుంటున్న పిల్లవాడు. 1971లో హైంజ్ కోహుట్ అనే విశ్లేషకుడు ఇలాంటి మనుషుల గురించి రాస్తూ, పసితనంలో తల్లిదండ్రుల కళ్ళల్లో కనబడాల్సిన మెరుపు కనబడకపోతే ఏమవుతుందో చెప్పాడు. నాకు ఆ మాట ఓవిడ్ కథకి చాలా దగ్గరగా అనిపిస్తుంది.

అలాగని నార్సిసస్‌ని జాలిపడి వదిలేయమని కాదు, ఎందుకంటే పక్కనే ఎకో అనే అప్సరస ఉంది. ఎకో కబుర్లతో తనని మభ్యపెట్టిందని దేవతల రాణి ఆమెకి శిక్ష వేసింది, ఇక తనంతట తాను మాట మొదలుపెట్టలేదు, ఎదుటివాడి మాటలో చివరి ముక్క తిరిగి అనగలదు, అంతే. నార్సిసస్‌ని ప్రేమించింది. అతను ఆమెని తోసేస్తూ, నన్ను నీకు ఇచ్చుకోవడం కన్నా చావు మేలు అన్నాడు. లాటిన్‌లో ఆ వాక్యం చివరి ముక్క ఒక్కటే తీస్తే 'నన్ను నీకు ఇచ్చుకుంటాను' అని అర్థం మారిపోతుంది. ఎకో నోటి నుంచి వచ్చింది అదే. అవతలివాడి తిరస్కారంలోంచి తన ప్రేమని ఏరుకోవాల్సి వచ్చింది ఆమెకి, వేరే మాటలు లేవు కాబట్టి. తర్వాత గుహల్లో దాక్కుని, తిండీ నిద్రా లేక చిక్కిపోయి, ఎముకలు రాళ్ళైపోయి, గొంతు మాత్రం మిగిలింది. తనని తప్ప ఎవరినీ చూడలేని తల్లిదండ్రి ఇంట్లో పెరిగిన పిల్లలు నాకు ఈ ఎకోలా కనిపిస్తారు. ముప్పై ఏళ్ళొచ్చాక కూడా, మీకేం కావాలి అని అడిగితే 'మా నాన్న ఏమంటారంటే' అని మొదలుపెడతారు. నాన్నకి ఎదురు తిరిగినవాళ్ళు కూడా అంతే, వాళ్ళ మాటలన్నీ నాన్న మాటకి జవాబులే అయి ఉంటాయి.

క్రీస్తు శకం 2వ శతాబ్దంలో గ్రీసు అంతా తిరిగి చూసినవి రాసుకున్న పౌసానియస్‌కి ఈ కథ నచ్చలేదు. ప్రేమలో పడేంత వయసొచ్చిన మనిషికి నీడకీ మనిషికీ తేడా తెలియకపోవడం ఏమిటి అని, ఇంకో కథ కూడా ఉంది అంటాడు. అందులో నార్సిసస్‌కి ఒక కవల చెల్లెలు ఉంది, అచ్చం తనలాగే ఉండేది. ఇద్దరూ ఒకేలాంటి బట్టలు వేసుకుని కలిసి వేటకి వెళ్ళేవారు. ఆ పిల్ల చనిపోయింది. అప్పటి నుంచి అతను ఆ చెలమ దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడు, కనిపించేది తన ముఖమే అని తెలుసు, అయినా అందులో చెల్లెల్ని చూసుకునేవాడు.

మీ నాన్నగారు ఏ నార్సిసస్సో నాకు తెలియదు. ఆయన నీళ్ళలో ఎవరిని వెతుక్కుంటున్నారో తెలియాలంటే ఆయన చిన్నతనం గురించి మీ మేనత్తల్నో బాబాయిల్నో ఎప్పుడైనా అడిగి చూడండి, తెలిస్తే మీకు కొంత ఊపిరి ఆడొచ్చు, ఆయన మారతారని మాత్రం చెప్పలేను. కానీ మీ ప్రశ్న మళ్ళీ ఒకసారి చదువుకోండి. నాన్నగారు ఎలా మాట్లాడతారు, ఎవరిని ఎలా అవమానిస్తారు, పెళ్ళిళ్ళలో ఎలా ప్రవర్తిస్తారు అని పది పన్నెండు వాక్యాలున్నాయి. మీ గురించి ఒక్కటే ఉంది, సైకాలజీలో చేరడం నా సొంత నిర్ణయం అని. ఆ వాక్యం దగ్గర ఆపేశారు. ఎప్పుడు అనిపించింది, ఎవరితో ముందు చెప్పారు, అది రాయండి, వింటాను.